ఎలుగును తోలడానికి కుక్కకు జీతం, రైతుకు చచ్చాక పరిహారం!

మొన్న ఉద్దానంలో జరిగిన ఒక గ్రామ సమావేశంలో, చర్చ మొదలవక ముందు, ఒక కుర్రాడు సెల్‌ఫోన్‌లో వీడియో చూపించాడు. అమెరికాలో అడవి అంచున ఒక ఇనుప బోను తలుపు తెరుచుకుంటుంది. లోపలి నుంచి నల్ల ఎలుగు బయటికి దూకుతుంది. నలుపూ తెలుపూ మచ్చల కుక్కలు రెండు గొంతు చించుకుని మొరుగుతూ దాని వెంట పడతాయి. ఎలుగు వెనక్కి తిరిగి చూడకుండా అడవిలోకి పరుగు తీస్తుంది. చూసినవాళ్లంతా నవ్వారు. వెనక కూర్చున్న ఒక జీడితోట రైతు మాత్రం నవ్వలేదు. "బాబూ, ఆ దేశంలో కుక్కలకి తిండీ జీతం పెట్టి మరీ ఎలుగుల్ని తోలిస్తన్నారు. మనకేటి? సచ్చిపోనాక డబ్బులిస్తారు," అన్నాడు.

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. ఈ వ్యాసం ఆ మాట గురించే.

2018లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడికి భార్యాభర్తలిద్దరూ బలయ్యారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతును ఎలుగు చంపింది. మర్నాడు మరికొందరి మీద పడి గాయపరిచింది. అప్పుడు కదిలింది యంత్రాంగం. మత్తు తూటాలు వచ్చాయి, వలలు వచ్చాయి, విశాఖ నుంచి జూ సిబ్బంది వచ్చారు. ఎలుగును పట్టుకున్నారు. తరలిస్తుండగా అదీ చచ్చిపోయింది. మనిషీ పోయాడు, జంతువూ పోయింది. ఆ తర్వాత బండ్లు వెనక్కి వెళ్లిపోయాయి. మళ్లీ పిక్కల సీజను వచ్చింది. తెల్లవారుజామున తోటలోకి వెళ్లే ఆడకూలీకి ముందు నడిచే మనిషి ఎవరూ రాలేదు.

మన వాదన ఒక్కటే. ఎలుగు దాడి తుపానులా వచ్చి పోయే విపత్తు కాదు. ఏ నెలలో, ఏ పొద్దులో, ఏ తోటలో ప్రమాదమో ఊళ్లో పిల్లవాడు కూడా చెబుతాడు. ముందే తెలిసిన ప్రమాదానికి ముందే కాపలా పెట్టడం ప్రభుత్వం పని. ప్రాణం పోయాక లెక్క కట్టి ఇచ్చే చెక్కు కాపలా అనిపించుకోదు.

ఆ కుక్కల పని ఏమిటి?

ఆ వీడియోలోవి కరేలియన్ జాతి కుక్కలు. ఫిన్లాండ్, రష్యా సరిహద్దులోని కరేలియా ప్రాంతానివి. పెద్ద జంతువుల వేటకు తరతరాలుగా పెంచిన కుక్కలవి. వాటిని వేట నుంచి కాపలాకు మళ్లించినవారిలో ముఖ్యురాలు క్యారీ హంట్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త. 1996లో ఆమె విండ్ రివర్ బేర్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థను పెట్టారు. ఊరి అంచుకు అలవాటు పడుతున్న ఎలుగును చంపకుండా, మనుషులున్న చోటికి రావడం తనకు మంచిది కాదని దానికి నేర్పాలన్నది ఆమె పద్ధతి. కుక్కల మొరుగుడు, రబ్బరు తూటాలు, మనుషుల కేకలు అన్నీ కలిపి ఒక పాఠంలా నేర్పుతారు. ఎలుగు అడవి హద్దు దాటగానే ఒత్తిడి ఆపేస్తారు. హద్దుకు ఇవతల భయం, అవతల నెమ్మది. అదే పాఠం.

జపాన్‌లో నాగానో రాష్ట్రంలో కరుయిజావా అనే కొండ పట్టణం ఉంది. అక్కడ పిక్కియో అనే సంస్థ 2004 నుంచి ఇవే కుక్కలతో పనిచేస్తోంది. ఎలుగుల మెడకు రేడియో పట్టీలు కడతారు. రాత్రి పొద్దుపోయాక మొదలుపెట్టి తెల్లారేదాకా కుక్కతో గస్తీ తిరుగుతారు. ఎలుగు ఇళ్ల వైపు వస్తే, జనం నిద్ర లేవక ముందే దాన్ని అడవిలోకి తోలేస్తారు. ఇంకో పని కూడా చేశారు, అది అన్నిటికన్నా ముఖ్యం. ఎలుగు తెరవలేని చెత్త డబ్బాలు తయారు చేయించి పట్టణంలో పెట్టారు. ఎలుగు వచ్చేది చెత్తలోని తిండి కోసమే. తిండి దొరకకపోతే రాకపోకలు తగ్గుతాయి.

ఇందులో కుక్క ఒక భాగం మాత్రమే. కుక్క వెనక ఒక శిక్షకుడు ఉన్నాడు. శిక్షకుడి వెనక రోజూ జీతం అందుకునే బృందం ఉంది. ఆ బృందం వెనక ఈ పని మాదే అని ఒప్పుకున్న పట్టణం ఉంది. వీడియోలో కుక్క ఒక్కటే కనబడుతుంది. మిగతా మూడూ కెమెరాకు చిక్కవు.

కుక్కలే చాలవని వాళ్లే తేల్చారు

అయితే రేపే పది కుక్కలు తెప్పించమని అడుగుదామా? తొందరపడొద్దు. మన సంఘంలోనే కొందరు మిత్రులు అలా అంటున్నారు. వారికి నెవాడా అనుభవం చెప్పాలి.

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఊళ్లలోకి వస్తున్న 62 నల్ల ఎలుగులను పట్టుకుని, వదిలేటప్పుడు కొన్నిటిని రబ్బరు తూటాలతో, పెద్ద చప్పుళ్లతో, మరికొన్నిటిని వాటితోపాటు కుక్కలతో కూడా తరిమారు. తర్వాత వాటిని గమనించారు. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. 62లో 57 ఎలుగులు తిరిగి ఊళ్లోకే వచ్చాయి. చాలావరకు 40 రోజులు కూడా ఆగలేదు. ఎందుకని? ఊళ్లో చెత్త అలాగే ఉంది కనుక. ఆకలికి భయం ఎన్నాళ్లు అడ్డు నిలుస్తుంది?

వాషింగ్టన్ రాష్ట్రంలో వన్యప్రాణి శాఖకు ఇలాంటి కుక్కలున్నాయి. కానీ ఆ కుక్కల ఖర్చు చాలావరకు దాతల విరాళాల మీదే నడుస్తూ వచ్చింది. మనకు ఆ దారి వద్దే వద్దు. ప్రాణ రక్షణను ధర్మకర్తల దయకు వదిలేస్తే, దయ ఉన్న ఏడాది కాపలా ఉంటుంది, లేని ఏడాది ఉండదు. ఎలుగు మాత్రం ఏటా వస్తుంది.

మన ఎలుగు వేరు

ఇంకో సంగతి. అమెరికా నల్ల ఎలుగు భయపడితే చెట్టెక్కుతుంది, లేదా పారిపోతుంది. మన ఎలుగు అలా కాదు. పులులున్న అడవిలో పుట్టి పెరిగిన జాతి ఇది. భయపడితే ఎదురు తిరుగుతుంది. చెదపుట్టలో ముక్కు దూర్చి తింటున్నప్పుడు మనిషి దగ్గరికొచ్చేదాకా దానికి తెలియదు. తెలిసిన మరుక్షణం రెండు కాళ్ల మీద లేచి మొహం మీద పడుతుంది. పిల్లలు వీపు మీదున్న తల్లి అయితే చెప్పక్కర్లేదు. 1989 నుంచి 1994 దాకా ఐదేళ్లలో ఉమ్మడి మధ్యప్రదేశ్‌లో 735 మంది మీద ఎలుగులు దాడి చేశాయని, వారిలో 48 మంది చనిపోయారని పరిశోధకులు నమోదు చేశారు. అంటే చావు కన్నా చూపు పోయినవాళ్లు, మొహం చెదిరినవాళ్లు, చేయి పనికిరాకుండా పోయినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ బతుకులు ఏ పత్రికలోనూ రావు.

ఇలాంటి జంతువు మీదికి తాడు లేని కుక్కను ఉసిగొలిపితే ఏమవుతుంది? మన ఊరి కుక్కతో తోటకెళ్లేవాళ్లకు ఈ సంగతి తెలుసు. కుక్క ముందే పసిగట్టి మొరిగితే మనం ఆగిపోతాం, ప్రాణం దక్కుతుంది. అదే కుక్క పొదలోకి దూరి ఎలుగును కెలికితే, ఎలుగు తరుముతుంది, కుక్క పరుగెత్తుకుంటూ వచ్చి యజమాని కాళ్ల వెనక దాక్కుంటుంది. అప్పుడు ఎలుగుకు ఎదురుగా నిలబడేది మనిషి. ఒకే కుక్క ఒక పూట కాపాడుతుంది, ఇంకో పూట చావు తెస్తుంది. తేడా ఉన్నది కుక్కలో కాదు, శిక్షణలో.

పైగా మంచు దేశంలో పుట్టిన, ఒళ్లంతా దట్టమైన బొచ్చున్న కుక్కను తెచ్చి వైశాఖం ఎండలో ఇసుక నేల మీద నడిపిస్తే అది ఎన్నాళ్లు బతుకుతుంది? నాలుగు ఫొటోలు దిగడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఫొటోల పథకాలు మనకు కొత్త కాదు.

కనుక మనం అడగాల్సింది తరిమే కుక్కను కాదు, పసిగట్టే కుక్కను. తాడుతో, శిక్షకుడి చేతిలో, కూలీలు తోటలోకి అడుగు పెట్టే ముందు ఒక చుట్టు తిరిగి, ఎలుగు ఉందో లేదో ముక్కుతో చెప్పే కుక్క. మన ఎండకు తట్టుకునే మన నాటు కుక్కలతోనే ఇది కుదురుతుందేమో పరీక్షించాలి. గుడ్డిగా నమ్మమనడం లేదు. శాస్త్రజ్ఞులను పెట్టి రెండు సీజన్లు చూడండి, ఫలితం గ్రామసభలో తెలుగులో చదివి వినిపించండి అంటున్నాం. పనికొస్తే పెంచండి, పనికిరాకపోతే అదీ చెప్పండి.

ఏనుగుకు కుంకీ వచ్చింది, ఎలుగుకు ఏది?

ఇది గొంతెమ్మ కోరిక అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. చిత్తూరు జిల్లాలో ఏనుగుల మందలు పంటలు తొక్కేస్తుంటే, రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. కుంకీ అంటే ఏమిటి? శిక్షణ పొందిన జంతువు, దాన్ని నడిపే మావటి, వాళ్లకు తిండి, జీతం, శిబిరం. అడవి జంతువును చంపకుండా మనిషి నుంచి దూరంగా ఉంచే పని. అంటే ఈ సూత్రాన్ని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. చిత్తూరు రైతుకు వచ్చిన న్యాయం శ్రీకాకుళం రైతుకు ఎందుకు రాదు?

2023లో తిరుమల నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపింది. వెంటనే భక్తులను గుంపులుగా పంపారు, కాపలా పెట్టారు, చేతికి కర్రలిచ్చారు. మంచిదే, చేయాల్సిందే. భక్తుడు ఆ దారిలో నడిచేది కొన్ని గంటలు. జీడిపిక్కలు ఏరే మనిషి మూడు నెలలు రోజూ ఆ పొదల మధ్యే వంగి ఉంటుంది. ఆమెకు కనీసం విజిల్ ఇచ్చినవారున్నారా?

దేశంలో అనేక రాష్ట్రాల అటవీ శాఖలకు వాసన పట్టే కుక్కలున్నాయి. పులి చర్మం, ఏనుగు దంతం దొంగతనంగా రవాణా చేసేవాళ్లను పట్టుకోవడానికి 2008 నుంచి వాటికి శిక్షణ ఇస్తున్నారు. అంటే జంతువును మనిషి నుంచి కాపాడడానికి కుక్క ఉంది. మనిషిని జంతువు నుంచి కాపాడడానికి మాత్రం కుక్క లేదు, మనిషీ లేడు.

పండు పారేసేది మనమే, కానీ ఎందుకు పారేస్తున్నాం?

కరుయిజావాలో చెత్త డబ్బాకు మూత పెట్టారు. నెవాడాలో పెట్టలేదు. ఫలితంలో తేడాకు ముఖ్య కారణం అదే. మరి మన దగ్గర ఆ చెత్త డబ్బా ఏది?

జీడితోట నేలే. పిక్క తీసుకుని పండును కింద వదిలేస్తాం. మార్చి నుంచి మే దాకా తోట నిండా తీపి వాసన. ఎలుగుకు అంతకన్నా పెద్ద విందు ఉండదు. "రైతులే పండ్లు పారేసి ఎలుగుల్ని పిలుస్తున్నారు" అని ఒక అధికారి అన్నాడని విన్నాం. అయ్యా, పారేయక ఏం చేయాలి? గోవాలో జీడిపండుకు బేరం ఉంది, రసం తీసే గానుగలున్నాయి. పలాసలో పిక్కకు వందల ఫ్యాక్టరీలున్నాయి కానీ పండును కొనే నాథుడు లేడు. 80 కిలోల పిక్కల బస్తాకే గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కే రైతు, ధర లేని పండును కూలి ఇచ్చి ఎత్తించగలడా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన తోటలను అప్పు చేసి మళ్లీ నిలబెట్టుకున్న రైతు అతను.

పండు కొనుగోలు కేంద్రం పెడితే రైతుకు నాలుగు డబ్బులు, ఎలుగుకు ఆహ్వానం రద్దు. ఇది వ్యవసాయ శాఖ పనా, అటవీ శాఖ పనా అని ఫైలు అటూ ఇటూ తిప్పితే కుదరదు. ఎలుగుకు శాఖల హద్దులు తెలియవు.

ఇక కొండల సంగతి. గుహలూ పొదలూ ఉన్న కొండలను గ్రానైట్ కోసం పేలుస్తుంటే అక్కడి జంతువు ఎక్కడికి పోతుంది? వేసవిలో గుంటలు ఎండిపోతే నీళ్లకు ఎక్కడికి వస్తుంది? క్వారీకి అనుమతి ఇచ్చేటప్పుడు ఎలుగు ఎవరికీ గుర్తురాదు. అది మన తోటలోకి వచ్చాక మాత్రం, రక్షిత జంతువు, ముట్టుకుంటే జైలు అని చట్టం గుర్తొస్తుంది. చట్టం మీద మనకు కోపం లేదు. ఎలుగును చంపమని మనం అడగడం లేదు. దాన్ని కాపాడే భారమంతా అర ఎకరం జీడితోట ఉన్నవాడి మొహం మీద వేయొద్దు అంటున్నాం.

పరిహారం సంగతి

2023 డిసెంబరులో కేంద్రం వన్యప్రాణి దాడిలో చనిపోయినవారి కుటుంబానికి పరిహారాన్ని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. తీవ్రంగా గాయపడితే 2 లక్షలు. పెంచడం మంచిదే. కానీ మొహం మీద ఎలుగు పడిన మనిషికి ఒక శస్త్రచికిత్సతో అయిపోదు. విశాఖ తిరగాలి, తోడు మనిషి పని మానుకోవాలి, తర్వాత ఎండలో పని చేయలేకపోతే బతుకంతా ఇంట్లోనే. 2 లక్షలు ఎన్నాళ్లొస్తాయి? పైగా దాడికి గురయ్యేది ఎక్కువగా పట్టాదారు కాదు. కౌలు రైతు, కూలి మనిషి. వాళ్లను కాగితాల కోసం తిప్పకూడదు.

ఒక కుటుంబానికి ఇచ్చే 10 లక్షలతో ఐదుగురు కుర్రాళ్లకు నెలకు 15 వేల చొప్పున ఏడాది పొడవునా జీతం ఇవ్వొచ్చు, ఇంకా లక్ష మిగులుతుంది. లెక్క వేసి చూడండి. చావుకు పెట్టే డబ్బే కాపలాకు ముందుగా పెడితే ఆ చావే తప్పొచ్చు.

మన డిమాండ్లు

ఒకటి: ఉద్దానంలో ఎలుగుల కాపలా దళం శాశ్వతంగా పెట్టాలి. స్థానిక యువతను జీతంతో తీసుకోవాలి, స్వచ్ఛంద సేవ పేరుతో కాదు. పిక్కల సీజనులో రాత్రి నుంచి పొద్దెక్కేదాకా గస్తీ ఉండాలి. ఎలుగు జాడ కనబడగానే ఊరికి కబురందాలి.

రెండు: పసిగట్టే కుక్కలతో శాస్త్రీయంగా రెండు సీజన్ల పరీక్ష జరపాలి. ఖర్చు ప్రభుత్వానిదే. ఫలితాలు గ్రామసభ ముందు పెట్టాలి.

మూడు: జీడిపండు కొనుగోలుకు, రసం తీయడానికి మండల కేంద్రాల్లో ఏర్పాటు చేయాలి. అప్పటిదాకా తోటలో పండ్లు ఎత్తి పూడ్చే పనిని ఉపాధి హామీలో చేర్చాలి.

నాలుగు: ఎలుగులుండే కొండల మీద కొత్త క్వారీలకు అనుమతి ఇవ్వొద్దు. కొండ దిగువన నీటి గుంటలు తవ్వి, వేసవిలో నింపాలి.

ఐదు: గాయపడినవారి వైద్యం ఖర్చు పూర్తిగా ప్రభుత్వమే భరించాలి. కౌలు రైతుకూ కూలీకీ భూమి కాగితం అడగకుండా పరిహారం ఇవ్వాలి.

మన వంతు

ప్రభుత్వాన్ని అడుగుతూనే మనం చేయాల్సినవీ ఉన్నాయి. తోటకు ఒంటరిగా వెళ్లొద్దు. చీకటి ఉండగా వెళ్లొద్దు. మాట్లాడుకుంటూ, కర్రతో పొద తడుతూ నడవండి. ఎలుగు మనల్ని ముందే వింటే చాలాసార్లు తప్పుకుంటుంది. కుక్కను తీసుకెళ్తే తాడు వదలొద్దు. అది ఒకే వైపు చూసి మొరుగుతుంటే ముందుకు అడుగు వేయొద్దు, వచ్చిన దారినే వెనక్కి రండి. తోట చుట్టూ కరెంటు తీగలు పెట్టొద్దు. వాటికి ఎలుగు కన్నా ముందు పక్క తోట మనిషే బలవుతాడు. పిల్లలతో ఉన్న ఎలుగును చుట్టుముట్టి ఫోన్లలో వీడియోలు తీసే కుర్రాళ్లను పెద్దలు ఆపాలి.

ఈసారి పిక్కల సీజను మొదలయ్యేలోపు ప్రతి గ్రామ కమిటీ ఈ ఐదు డిమాండ్ల మీద తీర్మానం చేయాలి. గ్రామసభలో పెట్టి, పంచాయతీ ముద్ర వేయించి, ఒక ప్రతి అటవీ రేంజి కార్యాలయంలో, ఒకటి తహసీల్దారు దగ్గర, ఒకటి మన మండల కమిటీ దగ్గర ఉండేలా చూడాలి. అందినట్టు రసీదు తీసుకోవడం మరవొద్దు. రేపు ఎవరికైనా ఏమైనా జరిగితే, "మాకు తెలియదు" అనే మాట ఎవరి నోటా రాకూడదు.

ఆ రోజు సమావేశం ముగిశాక, ఆ జీడితోట రైతు బయట చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట అన్నాడు: "కుక్కైనా పంపండి, మనిషినైనా పంపండి. ముందు పంపండి." మన తీర్మానం మొదటి వాక్యంగా దాన్నే రాయొచ్చు.